ఫుట్‌బాల్ ఇంగ్లీష్ కార్డుల డబ్బా: గ్రౌండ్‌లో వాడి చూశాక నా అభిప్రాయం

ఫుట్‌బాల్ ఆడే పిల్లలకు ఇంగ్లీష్ మాటలు నేర్పే ఈ బొమ్మల కార్డుల డబ్బాను నల్లగొండ ప్రకాశం బజార్‌లో, ఆటసామాన్లు అమ్మే షాపులో కొన్నాను. ధర నాలుగు వందల లోపే. లోపల నాలుగు రంగుల కార్డులు, ఒక చిన్న పుస్తకం ఉన్నాయి. ఫోన్‌తో స్కాన్ చేసి వినే ఆడియో కూడా ఇచ్చారు. పసుపు కట్ట ఒక్కటి బాగున్నా డబ్బా కొనొచ్చు, అది చాలా బాగుంది. మిగతా మూడు కట్టల్లో కొంత పనికొస్తుంది, కొంత మనమే సరిచేసుకోవాలి. ఏవి సరిచేసుకోవాలో ముందే తెలిస్తే నాలాంటి పీఈటీలకు పని తేలికవుతుందని వివరంగా రాస్తున్నాను.

నేను దేవరకొండ వైపు ఒక బాలికల గురుకులంలో పని చేస్తున్నాను. మా టీమ్‌లో తండాల పిల్లలు ఎక్కువ, ఇళ్ళల్లో లంబాడీ మాట్లాడతారు. కొందరిది తెలుగు, కొందరిది ఉర్దూ. స్కూల్లో అందరూ తెలుగే మాట్లాడినా ఆట వేడెక్కితే ఎవరి నోట్లోంచి వాళ్ళ ఇంటి భాషే వస్తుంది. ఇక జిల్లా జట్టుకు ఎంపికైన పిల్ల పక్కన మిర్యాలగూడ పిల్ల ఆడుతుంది, హాలియా పిల్ల ఆడుతుంది. హైదరాబాద్ క్యాంపుకు వెళ్తే అక్కడ కోచ్ హిందీ, ఇంగ్లీష్ కలిపి చెబుతారు. వెనక నుంచి ఎదుటి టీమ్ అమ్మాయి దూసుకొస్తున్నప్పుడు ఆ సంగతి చెప్పడానికి అర సెకను కూడా ఉండదు. అప్పుడు అందరికీ తెలిసిన పొట్టి మాట ఒకటి కావాలి. ఇంగ్లీష్ గొప్పది అని కాదు, ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో ఆ పొట్టి మాటలు ఎప్పటి నుంచో ఇంగ్లీష్‌లో స్థిరపడిపోయాయి కాబట్టి నేర్పాలి.

పసుపు కట్ట నిండా ఉన్నవి ఈ మాటలే, అంటే ఆడుతూ ఒకరికొకరు అరిచి చెప్పుకునేవి. ప్రతి కార్డుకు ఒక పక్క మాట, రెండో పక్క బొమ్మ. బొమ్మలో బాల్ ఎవరి కాళ్ళ దగ్గర ఉంది, ఎవరు అరుస్తున్నారు, ఎదుటి మనిషి ఎటు నుంచి వస్తోంది అన్నీ పై నుంచి చూసినట్టు గీశారు. గీసినవాళ్ళు కచ్చితంగా ఆడినవాళ్ళే అయి ఉంటారు.

మొదటి కార్డు ‘మ్యాన్ ఆన్’. నీ వెనక మనిషి ఉంది, బాల్ ఆపుకొని నిలబడకు అని. ఆడపిల్లల మ్యాచ్‌లలో కూడా ఇదే అంటారు, మార్చాల్సిన పని లేదు. మా పిల్లలు అంతకుముందు ‘ఏయ్, నీ ఎనుక, నీ ఎనుక’ అని అరిచేవాళ్ళు. ఎవరిని అంటున్నారో తెలియక నలుగురూ వెనక్కి తిరిగేవాళ్ళు. ఇప్పుడు పేరు పిలిచి ‘మ్యాన్ ఆన్’ అంటున్నారు, బాల్ ఉన్న పిల్ల ఒక్క తాకుడులో పక్కకు పంపేస్తోంది. దీనికి సరిగ్గా ఎదురు మాట ‘టైమ్’. నీ దగ్గర ఎవరూ లేరు, నిదానంగా ఆపుకో, తల ఎత్తి చూడు అని అర్థం. మా పిల్లలు దీన్ని మొదట తలకిందులుగా పట్టుకున్నారు. టైమ్ అయిపోతోంది అన్నట్టు వినిపించి కంగారుగా బాల్‌ను ఎటో తన్నేవాళ్ళు. కార్డు వెనక ఉన్న బొమ్మలో బాల్ పట్టుకున్న పిల్ల చుట్టూ ఖాళీ వలయం గీశారు. దాన్ని చూపించాక గందరగోళం పోయింది. ఈ రెండు మాటలు వస్తే సగం ఆట మారుతుందని నా నమ్మకం.

తర్వాత వెనక ఎవరూ లేరు తిరుగు అనే ‘టర్న్’, బాల్ నీ దగ్గరే ఉంచుకో అనే ‘హోల్డ్’, నాకిచ్చి పరుగెత్తు మళ్ళీ నీకే ఇస్తా అనే ‘వన్ టూ’. ఆ తర్వాత దిక్కు చెప్పే మాటలు. సూటిగా అడ్డంగా ఇవ్వమంటే ‘స్క్వేర్’, పక్క గీత వెంబడి ముందుకు కొట్టమంటే ‘డౌన్ ద లైన్’, అటు వైపు ఖాళీగా ఉంది అటు మార్చమంటే ‘స్విచ్’. డిఫెన్స్‌లో ఉన్నవాళ్ళకు ‘అవే’, అంటే ఆలోచించకుండా బాల్‌ను మన గోల్ దగ్గర నుంచి దూరంగా కొట్టు. ‘కీపర్’ అని గోల్‌కీపర్ అరిస్తే బాల్ ఆమెది, మిగతావాళ్ళు దారి వదలాలి. ఈ ఒక్క మాట లేక చిన్నపిల్లల మ్యాచ్‌లలో గోల్‌కీపర్, డిఫెండర్ ఒకరినొకరు గుద్దుకుని పడిపోవడం ఎన్నోసార్లు చూస్తాం. గోల్ పోవడం కంటే ఆ దెబ్బలంటేనే నాకు టెన్షన్.

ఒక కార్డు మీద ‘పుష్ అప్’ అని ఉంది. డిఫెన్స్ గీత మొత్తం ముందుకు జరగండి అని చెప్పడానికి. మాట తప్పు కాదు, కోచ్‌లు వాడతారు. కానీ మన స్కూళ్ళలో పుష్ అప్ అంటే ఎక్సర్‌సైజ్. అందుకని మా దగ్గర దాన్ని ‘స్టెప్ అప్’ అని మార్చుకున్నాం. అది కూడా అందరూ వాడే మాటే, ఎక్కడికి వెళ్ళినా చెల్లుతుంది.

ఈ కట్టలో నాకు నచ్చని కార్డు ఒక్కటే, ‘లీవ్ ఇట్’. తన టీమ్ పిల్లకు ‘నువ్వు వదిలేయ్, నేను తీసుకుంటా’ అని చెప్పడం మంచిదే. కానీ ఎదుటి టీమ్ వాళ్ళను మాటతో మోసం చేసి వాళ్ళ ధ్యాస మళ్ళిస్తే రెఫరీ ఎల్లో కార్డు చూపించి, ఎదుటి టీమ్‌కు ఇండైరెక్ట్ ఫ్రీ కిక్, అంటే నేరుగా గోల్ కొట్టడానికి వీల్లేని ఫ్రీ కిక్ ఇవ్వొచ్చు. పేరు చెప్పకుండా ‘లీవ్ ఇట్’ అంటే ఎవరిని అన్నావో రెఫరీకి ఎలా తెలుస్తుంది? అందుకే పేరు ముందు, మాట తర్వాత అని నేర్పండి. ‘శిరీషా, లీవ్ ఇట్’ అంటే గొడవ ఉండదు. కార్డు మీద ఈ జాగ్రత్త ఒక్క ముక్కలో వేసి ఉండాల్సింది.

కార్డులు క్లాసులో కూర్చోబెట్టి చూపిస్తే ఉపయోగం లేదు. నేను చుట్టూ నలుగురిని, మధ్యలో ఇద్దరిని నిలబెడతాను. ఆ పూటకు రెండే కార్డులు. బాల్ ఉన్న పిల్లకు పక్కవాళ్ళు ఆ రెండు మాటల్లో ఒకటి చెప్పాలి. ఎవరూ చెప్పకపోతే పాస్ బాగా వెళ్ళినా బాల్ మధ్యలోని ఇద్దరికి పోతుంది. సిగ్గుపడి నోరు తెరవని పిల్లలు కూడా బాల్ పోతుందన్న పట్టుదలతో అరుస్తారు. తరగతిలో ఇంగ్లీష్ పాఠం చదవమంటే తల దించుకునే ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి, ఇప్పుడు గోల్ దగ్గర నిలబడి మొత్తం డిఫెన్స్‌ను ఇంగ్లీష్‌లో జరుపుతోంది. ఆ గొంతు విన్నప్పుడు నాకు కలిగే సంతోషానికి ఈ డబ్బా ధర ఏమాత్రం?

నీలం కట్ట గ్రౌండ్ గురించి. గోల్‌పోస్ట్, క్రాస్‌బార్, నెట్, టచ్‌లైన్, హాఫ్‌వే లైన్, సెంటర్ సర్కిల్, పెనాల్టీ స్పాట్. బొమ్మలు శుభ్రంగా ఉన్నాయి కానీ కొలతలన్నీ గజాల్లోనే వేశారు. పద్దెనిమిది గజాల బాక్స్, ఆరు గజాల బాక్స్ అని కోచ్‌లు ఇప్పటికీ ‘ఎయిటీన్ యార్డ్’, ‘సిక్స్ యార్డ్’ అంటారు కాబట్టి ఆ మాట పిల్లలకు తెలియాలి. కానీ సున్నం గీతలు వేసే రోజు మన చేతిలో ఉండేది మీటర్ల టేపు. అందుకని కార్డుల మీద పెన్నుతో రాసుకోండి: గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు, పెనాల్టీ స్పాట్ గోల్ గీత నుంచి 11 మీటర్లు, పెద్ద బాక్స్ లోతు 16.5 మీటర్లు, చిన్న బాక్స్ 5.5 మీటర్లు, సెంటర్ సర్కిల్ వ్యాసార్ధం 9.15 మీటర్లు.

పెద్ద బాక్స్ బయట ఉండే అర్ధచంద్రం గీతను అందరూ ‘డి’ అంటారు. అదెందుకు గీస్తారో కార్డులో లేదు. మా పిల్లలు అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. పెనాల్టీ కొట్టేటప్పుడు మిగతావాళ్ళు బాక్స్ బయట ఉండాలి, బాల్ నుంచి 9.15 మీటర్ల దూరం కూడా ఉండాలి. స్పాట్ నుంచి బాక్స్ గీతకు 5.5 మీటర్లే. అంటే ఎదురుగా బాక్స్ బయట నిలబడినా 9.15 మీటర్లు అవ్వదు. ఆ తక్కువ పడిన చోటును చూపించడానికే ఆ వంపు గీత. తాడు ఒక చివర స్పాట్ దగ్గర పట్టుకుని, రెండో చివర పిల్లలతో తిప్పించి గీయించాను. అప్పటి నుంచి వాళ్ళకు ఆ మాట, ఆ గీత, ఆ రూలు మూడూ గుర్తే.

ఇదే కట్టలో ఇంకో ఇబ్బంది ఉంది. ఒక కార్డు మీద ‘పిచ్’ అని, ఇంకోదాని మీద ‘సాకర్ ఫీల్డ్’ అని, ఒక చోట ‘బూట్స్’, మరో చోట ‘క్లీట్స్’ అని ఉంది. ఇంగ్లండ్ వాడుక, అమెరికా వాడుక కలిసిపోయాయి. సాకర్ కూడా ఇంగ్లండ్‌లోనే పుట్టిన మాట. 1863లో అక్కడ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడ్డాక అసోసియేషన్ ఫుట్‌బాల్ అనే పేరును కుదించి అలా అన్నారు. కానీ మన దగ్గర క్యాంపుల్లో, టీవీ కామెంటరీలో వినపడేది ఫుట్‌బాల్, పిచ్, బూట్స్. అమెరికా మాటలున్న కార్డులు నేను పక్కన పెట్టేశాను.

ఆకుపచ్చ కట్టలో రూల్స్ ఉన్నాయి. ఆఫ్‌సైడ్ కార్డు చూసి తయారుచేసినవాళ్ళకు మనసులో నమస్కారం పెట్టుకున్నాను. రెండు బొమ్మలు పక్కపక్కనే వేశారు, ఒకటి పాస్ ఇచ్చిన క్షణానిది, ఇంకోటి బాల్ అందుకున్న క్షణానిది. చూడాల్సింది మొదటి బొమ్మనే అని బాణం గుర్తు పెట్టారు. పాస్ ఇచ్చిన క్షణంలో మన అమ్మాయి ఎదుటి సగంలో ఉండి, బాల్ కంటే ముందు, ఎదుటి టీమ్‌లో చివరి నుంచి రెండో మనిషి కంటే కూడా ముందు ఉంటే ఆఫ్‌సైడ్ స్థానం. సమానంగా ఉంటే కాదు. అక్కడ ఊరికే నిలబడితే తప్పు లేదు, ఆటలో జోక్యం చేసుకుంటేనే తప్పు. ఇంత చక్కగా చెప్పి, బాల్ గీత దాటాక ఆట మళ్ళీ మొదలుపెట్టే త్రో ఇన్, కార్నర్ కిక్, గోల్ కిక్ నుంచి నేరుగా బాల్ వస్తే ఆఫ్‌సైడ్ ఉండదన్న సంగతి వదిలేశారు. అది కూడా చెప్పండి. త్రో ఇన్‌లో దీన్ని వాడుకోవడం తెలిసిన టీమ్‌కు సులువుగా ఖాళీ దొరుకుతుంది.

గోల్‌కీపర్ కార్డు మాత్రం పాతబడిపోయింది. చేతుల్లో బాల్ ఆరు సెకన్ల కంటే ఎక్కువ పట్టుకుంటే ఇండైరెక్ట్ ఫ్రీ కిక్ అని ఉంది. 2025లో ఆ రూలు మారింది. ఇప్పుడు ఎనిమిది సెకన్లు, దాటితే ఎదుటి టీమ్‌కు కార్నర్ కిక్. చివరి ఐదు సెకన్లు రెఫరీ చెయ్యి ఎత్తి వేళ్ళతో లెక్క చూపిస్తారు. మీ కీపర్ ఈ కార్డు చదివి నేర్చుకుంటే నష్టపోతుంది, కాబట్టి తీసేయండి లేదా పైన తెల్ల కాగితం అంటించి కొత్తది రాయండి. ఎల్లో కార్డు, రెడ్ కార్డు గురించి ఉన్న పేజీ బాగుంది. 1970 మెక్సికో ప్రపంచ కప్‌లో ఈ కార్డులు మొదలయ్యాయని, ఇంగ్లండ్ రెఫరీ కెన్ ఆస్టన్‌కు ట్రాఫిక్ సిగ్నల్ చూసి ఆ ఆలోచన వచ్చిందని పిల్లలకు చెప్తే గడియారం సెంటర్ సిగ్నల్ దగ్గర బస్సు ఆగినప్పుడల్లా గుర్తు చేసుకుంటున్నారు.

నాలుగోది నారింజ కట్ట, మ్యాచ్ అయ్యాక మాట్లాడటానికి. ‘వుయ్ వన్ టూ నిల్’, ‘ఇట్ ఎండెడ్ ఇన్ ఎ డ్రా’, ‘షీ స్కోర్డ్ ది ఈక్వలైజర్’ (స్కోరు సమం చేసే గోల్), ‘క్లీన్ షీట్’ (ఒక్క గోల్ కూడా ఇవ్వకపోవడం), ‘ఓన్ గోల్’ (మన గోల్‌లో మనమే కొట్టుకోవడం), ‘హ్యాట్రిక్’ లాంటివి. సున్నాను ‘నిల్’ అనడం ఒక్కరోజులో పట్టేశారు. స్టాపేజ్ టైమ్, ఎక్స్‌ట్రా టైమ్ తేడా మాత్రం పెద్దవాళ్ళు కూడా కలిపేస్తారు, కార్డు కూడా కలిపేసింది. ఆటలో వృథా అయిన సమయానికి ప్రతి సగం చివర కలిపేది స్టాపేజ్ టైమ్. నాకౌట్ మ్యాచ్ సమమైతే విడిగా ఆడించే పదిహేను పదిహేను నిమిషాల రెండు భాగాలు ఎక్స్‌ట్రా టైమ్.

కట్టలోని ఉదాహరణలన్నీ విదేశీ క్లబ్బులవే. చిన్న పుస్తకం చివర గొప్ప ఆటగాళ్ళ పేజీలో ఒక్క భారతీయ పేరు లేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించింది. హైదరాబాద్‌లో స్కూల్ టీచర్‌గా పని చేసిన సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా మన దేశానికి 1951 ఢిల్లీలో, 1962 జకార్తాలో ఏషియన్ గేమ్స్ గోల్డ్ వచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది. తెలంగాణలో అమ్మే డబ్బాలో ఆయన పేరు లేకపోతే ఎలా? నేను ఆ ఉదాహరణలు తీసేసి మన మ్యాచ్‌లతో వాక్యాలు చేయించాను. ‘ఇండియా బీట్ సౌత్ కొరియా టూ వన్ ఇన్ ద ఫైనల్’, అది 1962. ‘నెవిల్ డిసౌజా స్కోర్డ్ ఎ హ్యాట్రిక్ అగైన్‌స్ట్ ఆస్ట్రేలియా’, అది మెల్‌బోర్న్‌లో, మనం నాలుగు రెండు తేడాతో గెలిచిన మ్యాచ్. ఇప్పటి ఆటగాళ్ళ గురించి చెప్పాలంటే నిజామాబాద్ జిల్లా నుంచి భారత మహిళల జట్టుకు ఎదిగిన గుగులోత్ సౌమ్య ఉంది. ఆ ఇంటిపేరు వినగానే మా తండా పిల్లలు నిటారుగా కూర్చున్నారు. ‘సౌమ్య ప్లేస్ ఫర్ ఇండియా’ అన్న వాక్యాన్ని ఎవరూ బట్టీ పట్టాల్సిన అవసరం రాలేదు.

కార్డుల వెనక ఇచ్చిన తెలుగు అర్థాలు పట్టించుకోకండి. కార్నర్ కిక్‌కు ‘మూల తన్ను’ అని వేశారు. అలా మన దగ్గర ఎవరూ అనరు. బొమ్మ చాలు. ఆడియోలో గొంతు విదేశీ యాసలో వేగంగా సాగుతుంది, పైగా మా గ్రౌండ్‌లో సిగ్నల్ ఉండదు. ఒకసారి విని, ఆ తర్వాత నా గొంతుతోనే చెప్పాను.

కార్డు కాగితం పల్చన. మొరం గ్రౌండ్, ఎండాకాలం చెమట చేతులు, రెండు వారాలకే అంచులు లేచాయి. పసుపు కట్టను మాత్రం లామినేషన్ చేయించి, మూలకు రంధ్రం పెట్టించి తాడుతో కట్టాను. విజిల్‌తో పాటు మెడలో వేసుకుంటాను.

ఈ డబ్బాలో లేని మాటల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు అన్నిటికంటే ముఖ్యం అవే. దెబ్బ తగిలితే ఏం చెప్పాలో ఒక్క కార్డూ లేదు. మన పిల్లలు దూరపు క్యాంపుల్లో నొప్పిని దాచుకుంటారు. కొంత భయం, టీమ్‌లోంచి తీసేస్తారేమోనని. ఇంకొంత, కొత్త కోచ్‌కు ఎలా చెప్పాలో తెలియకపోవడం. అందుకని ఖాళీ అట్టలు కోసి మేమే ఐదో కట్ట చేసుకున్నాం. ‘మై యాంకిల్ హర్ట్స్’, ‘ఐ హ్యావ్ ఎ క్రాంప్’, ‘ఐ ఫీల్ డిజ్జీ’, ‘ఐ హిట్ మై హెడ్’, ‘ఐ నీడ్ వాటర్’, ‘ఐ హ్యావ్ మై పీరియడ్’. చివరిది రాసేటప్పుడు పిల్లలు గుసగుసలాడారు, నేను అందరితో గట్టిగా చెప్పించాను. తలకు దెబ్బ తగిలిన పిల్లను ఆ రోజు మళ్ళీ ఆడించకూడదు. ఆ సంగతి కోచ్‌కు తెలియాలంటే పిల్ల నోరు తెరిచి చెప్పాలి కదా. ఫుట్‌బాల్ గురించి మాట్లాడటం అంటే గోల్స్ గురించి మాట్లాడటం ఒక్కటే కాదని డబ్బా తయారుచేసేవాళ్ళు తెలుసుకుని, తర్వాతి ముద్రణలో ఈ కట్ట చేర్చాలని గట్టిగా కోరుతున్నాను.

ఆరో తరగతి నుంచి పైవాళ్ళకు ఇది సరిపోతుంది. ఇంగ్లీష్ అక్షరాలు ఇంకా కూడబలుక్కునే చిన్నవాళ్ళకు పసుపు కట్ట బొమ్మల వైపు చూపించి నోటితో నేర్పొచ్చు, మిగతావి వద్దు. ఒక టీమ్‌కు ఒక డబ్బా చాలు. షాపులో సీలు తీసి చూపించమని అడగండి. ప్రకాశం బజార్‌లో నేను అడిగితే ఆ పెద్దాయన ‘చూసుకో బిడ్డా, పిల్లల సామానే కదా’ అని మొత్తం విప్పి పరిచారు, స్కూల్ పేరు మీద బిల్లు కూడా ఇచ్చారు. విప్పాక ముందు పసుపు కట్ట చూడండి. నేను తీసిన మొదటి డబ్బాలో ‘స్విచ్’ కార్డు రెండుసార్లు వచ్చి ‘స్క్వేర్’ కార్డు లేదు, అక్కడికక్కడే వేరే డబ్బా ఇచ్చారు.